ఒక్క కారు చాలదు



రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికన్ కంపెనీలు చేసిన పెద్ద సెడాన్ కార్లు మన దేశంలో ఇంకా అక్కడక్కడ మిగిలి ఉన్నాయి. ప్లిమత్, డాడ్జ్, డిసోటో, షెవర్లే, స్టూడీబేకర్ వంటివి. కొన్ని పండగకీ పబ్బానికీ బయటికి వస్తాయి. ఎక్కువ భాగం పాత బంగళాల వెనక షెడ్లలో, మూతపడిన మిల్లుల ఆవరణల్లో, చెట్ల కింద నేలలోకి దిగబడి ఉన్నాయి. అలాంటివి నాలుగైదు ఒకే చోట అమ్మకానికి వస్తే కొనేవాళ్లకి సాధారణంగా దొరికే సలహా ఒకటే: బాగున్నది ఒకటి ఏరుకో, తక్కినవి తూకానికి పోనీ. ఈ సలహాలో పొదుపు ఉంది, కానీ పాత కారు మీద గౌరవం లేదు. ఒకే వంశపు కార్లు గుంపుగా దొరికితే గుంపుగానే కొనాలి, గుంపుగానే దాచాలి, వాటిలో ఒకటో రెండో మాత్రమే బాగుచేయాలి. ఈ ప్రసంగంలో నేను చెప్పదలచింది ఇంతే. దీనికి ఆధారాలు కొన్ని ఆ కార్ల చరిత్రలో దొరుకుతాయి, కొన్ని మన లక్క బొమ్మల ఊరు ఏటికొప్పాకలో దొరుకుతాయి.

ముందు కార్ల సంగతి. యుద్ధం కోసం అమెరికా ప్రభుత్వం 1942 ఫిబ్రవరిలో మామూలు ప్రజల కార్ల తయారీని ఆపించింది. ఆ కర్మాగారాలన్నీ ట్యాంకులకీ విమానాలకీ మళ్లాయి. 1945లో మళ్లీ కార్లు మొదలైనప్పుడు కొత్త నమూనాలు గీసే వ్యవధి లేదు. అందుకని 1942 నాటి అచ్చులే బయటికి తీసి, ముందు జాలీ, మెరుపు పట్టీలు కాస్త మార్చి అమ్మారు. 1946, 47, 48 సంవత్సరాల కార్లు చాలావరకు యుద్ధానికి ముందు రూపం మీద వేసిన కొత్త చొక్కాలే. ప్లిమత్ సంగతి మరీ విశేషం. పి15 అన్న ఒకే నమూనాని 1946 నుంచి 1949 మొదటి నెలల దాకా దాదాపు మార్పు లేకుండా అమ్మారు. 1946లో చేసిన తలుపు 1948 కారుకి పడుతుంది. ఇంజన్ కూడా అంతే. పక్క వాల్వుల ఆరు సిలిండర్ల ఇంజన్, 217.8 ఘనపు అంగుళాలు, 95 గుర్రాల శక్తి. దీని పెద్దన్న లాంటి 230 అంగుళాల ఇంజన్ యుద్ధకాలపు డాడ్జ్ సైనిక ట్రక్కుల్లో ఉండేది. పైగా క్రైస్లర్ కంపెనీ విదేశాలకి పంపేటప్పుడు ప్లిమత్ బాడీకే డాడ్జ్ కింగ్స్‌వే అనీ, డిసోటో డిప్లొమాట్ అనీ వేరే పేర్లు తగిలించింది. కాబట్టి బానెట్ మీద మూడు పేర్లున్న మూడు కార్లు ఒకే ఇంటి పిల్లలు కావచ్చు. పేరు చూసి వీటిని వేరువేరని తీసేసేవాడు కొనుగోలు మొదట్లోనే నష్టపోతాడు.

ఈ కార్లు మన దేశానికి వచ్చిన తీరు కూడా నా వాదనకే బలం. జనరల్ మోటార్స్ 1928 నుంచి బొంబాయిలో షెవర్లేలూ తక్కినవీ బిగించి అమ్మేది. ఫోర్డ్ కూడా ఇక్కడే బిగించేది. వాల్‌చంద్ హీరాచంద్ 1944లో పెట్టిన ప్రీమియర్ ఆటోమొబైల్స్, బొంబాయి కుర్లాలో 1947 నుంచి క్రైస్లర్ లైసెన్సు మీద డాడ్జ్, ప్లిమత్, డిసోటోలు తయారుచేసింది. హిందుస్థాన్ మోటార్స్ స్టూడీబేకర్లని బిగించింది. 1953లో టారిఫ్ కమిషన్ నివేదిక వచ్చింది. విడిభాగాలు తెచ్చి బిగించడం చాలదు, ఇక్కడే క్రమంగా తయారుచేసే ప్రణాళిక ఉన్న కంపెనీలే ఉండాలి అని ప్రభుత్వం తేల్చింది. జనరల్ మోటార్స్, ఫోర్డ్ సర్దుకుని వెళ్లిపోయాయి. ప్రీమియర్ కొన్నాళ్లకి ఫియట్ వైపు మళ్లింది. అంటే మన దేశంలో యుద్ధానంతర అమెరికన్ సెడాన్ అన్నది ఓ ఏడెనిమిదేళ్ల ఇరుకు కిటికీలోంచి వచ్చిన సరుకు. నమూనాలు తక్కువ, ఒకే నమూనా కార్లు ఎక్కువ. ఇన్నేళ్ల తర్వాత కూడా ఒకే షెడ్డులో అన్నదమ్ముల్లాంటి కార్లు కనిపించడానికి కారణం ఇదే.

ఇక అసలు చిక్కు. ఈ కార్లలో దాదాపు ఏదీ కర్మాగారం నుంచి వచ్చిన రూపంలో లేదు. పెట్రోలు ఖర్చు ఈ పెద్ద ఇంజన్లని మొదటి నుంచీ వెంటాడింది. 1973 చమురు సంక్షోభం తర్వాత ఆ ఖర్చు మోయలేనిదైంది. అంతకుముందే చాలామంది యజమానులు అసలు ఇంజన్ తీసేసి డీజిల్ ఇంజన్ పెట్టించుకున్నారు. మద్రాసు సింప్సన్ కంపెనీ పెర్కిన్స్ ఇంజన్లు చేస్తుండడంతో అది సులువైంది. టాక్సీలుగా తిరిగినవాటి సీట్లు మారాయి, మీటర్ కోసం డాష్‌బోర్డులో కన్నాలు పడ్డాయి. లైట్ల పగిలిన అద్దాల స్థానంలో లారీలవి వచ్చాయి. రంగు మీద రంగు, పుట్టీ మీద పుట్టీ పడ్డాయి. ఇలాంటి కారు ఒక్కటే మన ముందుంటే, దానిలో ఏది పుట్టుకతో వచ్చింది, ఏది తర్వాత అతికింది అని చెప్పడం ఎంత అనుభవమున్న మేస్త్రీకైనా కష్టం. ఊహ మొదలవుతుంది. ఊహతో చేసిన పునరుద్ధరణ అందంగా ఉండవచ్చు, నిజం మాత్రం కాదు.

అదే వంశపు కార్లు నాలుగు పక్కపక్కన ఉంటే పని ఊహ నుంచి పరిశీలనకి మారుతుంది. గ్లవ్ బాక్సు లోపలి వైపు, తలుపు రబ్బరు కింద, సీటు కుట్టు మడతల్లో మొదటి రంగూ మొదటి గుడ్డా దాగి ఉంటాయి. మూడు కార్లలో ఒక బ్రాకెట్టు ఒకేలా ఉండి నాలుగో దానిలో తేడాగా ఉంటే, ఆ తేడా ఇక్కడ ఎవరో చేసిన మార్పు అని ధైర్యంగా చెప్పవచ్చు. నాలుగింటిలోనూ ఒకేలా ఉండి అమెరికన్ పుస్తకంలో మాత్రం వేరేగా ఉంటే, అది బొంబాయిలో బిగించేటప్పుడు చేసిన పద్ధతి కావచ్చు. ఈ రెండో రకం తెలివిడి అమెరికా నుంచి తెప్పించుకున్న ఏ మాన్యువల్‌లోనూ దొరకదు. కుర్లా కార్మికుల చేతిపని ఆ నాలుగు కార్ల మీదే రాసి ఉంది. బాగున్న ఒక్కదాన్ని ఏరుకుని తక్కిన మూడింటినీ పాత ఇనప కొట్టుకి పంపితే, ఆ పుస్తకంలో మూడొంతుల పేజీలు చింపినట్టే. నన్ను అడిగితే గుంపుగా కొనడానికి విడిభాగాల లాభం కంటే ఈ సాక్ష్యం పెద్ద కారణం.

ఇప్పుడు ఏటికొప్పాక వైపు చూద్దాం. అనకాపల్లి జిల్లా ఎస్.రాయవరం మండలంలో, వరాహ నది ఒడ్డున ఉన్న ఈ ఊరు లక్క బొమ్మలకి పేరు. అంకుడు కర్రని లేతు మీద తిప్పుతూ, రంగు కలిపిన లక్కని ఆ తిరిగే కర్రకి ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క మెత్తబడి కర్రని పట్టుకుంటుంది. మొగలి ఆకుతో ఒత్తితే మెరుగు వస్తుంది. ఈ పని మధ్యలో ఒక దశలో దారి తప్పింది. చవగ్గా, ధగధగా మెరిసే రసాయన రంగులు వచ్చి పాత రంగుల్ని పక్కకి నెట్టాయి. 1990ల నుంచి అదే ఊరి సి.వి.రాజు గారూ, కళాకారులూ పసుపు, నీలిమందు, జాఫ్రా వంటి వాటి నుంచి రంగులు తీసే పద్ధతిని మళ్లీ నిలబెట్టారు. 2017లో ఈ బొమ్మలకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటం మీద నిలిచినవి ఇవే.

ఆ పునరుద్ధరణ ఎందుకు నిలబడిందో ఆలోచించండి. ఒక పాత బొమ్మని అద్దాల బీరువాలో పెట్టి దాన్ని చూసి నకలు తీసి ఉంటే ఒక నకలు మిగిలేది, అంతటితో సరి. ఏటికొప్పాకలో మిగిలి ఉన్నది బొమ్మ ఒక్కటే కాదు. అనేక ఇళ్లలో లేతులు తిరుగుతున్నాయి, లక్క పట్టే వేడి ఎంతో తెలిసిన చేతులు ఉన్నాయి, అంకుడు కర్ర ఎప్పుడు ఎండిందో తెలిసిన కళ్లు ఉన్నాయి. పోయింది రంగు ఒక్కటే. ఒకే పనిని ఎందరో ఎన్నో సార్లు చేస్తూ ఉండడం వల్ల ఏది పోయిందో, ఏది మిగిలిందో కచ్చితంగా తెలిసింది. పోయినదాన్ని మాత్రమే తిరిగి తెచ్చుకోగలిగారు. పాత కారు పనిలో మనకి లేనిది సరిగ్గా ఇదే. ఒక మేస్త్రీ జీవితంలో ఒకసారి ఒక ప్లిమత్ మీద చెయ్యి వేస్తాడు. ఆ పని అయ్యేసరికి అతనికి దాని గుట్టు తెలుస్తుంది. ఆ తెలివి వాడుకునే రెండో ప్లిమత్ ఇక అతని దగ్గరికి రాదు. నాలుగు కార్లుంటే మొదటి దాని నేలరేకు కొట్టినప్పుడు చేసిన పొరపాటు రెండో దానిలో ఉండదు. పనివాడి చేతికి వచ్చే ఈ పట్టు కొనుగోలు లెక్కల కాగితంలో ఎవరూ రాసుకోరు. రాసుకోవాలి.

ఏ పనులు మన దగ్గరే జరుగుతాయి, ఏవి జరగవు అన్నది కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే గుంపు విలువ ఇక్కడే తేలుతుంది. ప్లిమత్ పి15 తొలి కార్లకి 6.00-16 టైర్లు. ఆ కొలత జీపులకి వాడినదే, మన దేశంలో ఇప్పటికీ తయారవుతుంది. ఆ కారు ముందు అద్దం రెండు చదును ముక్కలు, మధ్యలో పట్టీ. మంచి లామినేటెడ్ అద్దం తెస్తే విశాఖలో కోయించుకోవచ్చు. సిలిండర్ బోరింగూ వాల్వు సీట్లూ చేసే లేతు పనివాళ్లు గాజువాక ఆటోనగర్‌లోనూ విజయవాడ ఆటోనగర్‌లోనూ ఉన్నారు. నేలరేకులూ, తలుపుల కింది పట్టీలూ తుప్పు తినేస్తే కొత్త రేకు కొట్టగల టింకరింగ్ వాళ్లకి మనకి కొదవ లేదు. షెవర్లే అయితే ఒక మెట్టు కష్టం. ఆ నాటి 216 అంగుళాల ఇంజన్లో కనెక్టింగ్ రాడ్ బేరింగులు విడిగా దొరికే షెల్స్ కావు. తెల్ల లోహాన్ని కరిగించి రాడ్డులోనే పోత పోసి, తర్వాత కొలతకి గీకాలి. ఆ పోత తెలిసిన చేతులు తగ్గిపోతున్నాయి. ప్లిమత్, డాడ్జ్ ఇంజన్లలో మార్చుకునే షెల్ బేరింగులుంటాయి కాబట్టి ఆ బాధ లేదు. కరెంటు విషయంలో రెండు వంశాలకీ 6 ఓల్టులే గానీ, ప్లిమత్‌లో బ్యాటరీ ప్లస్ బాడీకి ఎర్త్ అవుతుంది. ఆ సంగతి తెలియక తిరగేసి బిగిస్తే డైనమోకే ముప్పు.

మన దగ్గర జరగనివి వేరే ఉన్నాయి. ముందు జాలీ, తలుపు పిడులు, బానెట్ మీది బొమ్మ, మీటర్ల చట్రాలు. వీటిలో చాలావాటిని జింకు మిశ్రమంతో అచ్చు పోశారు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ లోహం లోపలి నుంచే పొక్కులు తేలి పగులుతుంది, మీద క్రోమ్ వేసినా నిలవదు. ఒక కారు జాలీలో ఎడమ సగం పోతే మరో కారులో కుడి సగం పోయి ఉంటుంది. రెండూ కలిస్తే ఒకటి పూర్తవుతుంది. విదేశం నుంచి తెప్పించే ఒక్కో ముక్కకీ ధర, రవాణా, సుంకం కలిపి చూసుకుంటే, పక్కన నిలిచి ఉన్న చెడిపోయిన కారు ఎంత విలువైనదో అర్థమవుతుంది.

ఈ మాట అనగానే వచ్చే మొదటి అభ్యంతరం గట్టిది. ఒక కారుని బతికించడానికి మూడింటిని కోసేస్తారా? ఇది కాపాడడమా, కసాయి పనా? చాలా చోట్ల జరుగుతున్నది నిజంగానే కసాయి పని. దానిని నేను సమర్థించడం లేదు. ప్రపంచవ్యాప్త పాత వాహనాల సంఘాల సమాఖ్య, దాని పొట్టి పేరు ఫివా, 2012లో ఆమోదించిన టురిన్ ఒప్పంద పత్రం ఈ విషయంలో దారి చూపిస్తుంది. చారిత్రక కట్టడాల కోసం 1964లో వచ్చిన వెనిస్ పత్రం అడుగుజాడల్లో దాన్ని రాశారు. దాని సారం ఏమిటంటే, ముందు ఉన్నదాన్ని ఉన్నట్టు నిలపాలి, తప్పనప్పుడే బాగుచేయాలి, చేసిన ప్రతి మార్పూ రాసిపెట్టాలి. గుంపు ఉన్నవాడికే ఈ నియమం పాటించే వీలుంటుంది. నాలుగింటిలో అన్నిటికంటే తక్కువగా చేతులు పడిన దాన్ని, రంగు వెలిసి ఉన్నా సరే, అసలు ముట్టుకోకుండా ఉంచాలి. అది సాక్షి. అన్నిటికంటే శిథిలమైనది విడిభాగాలు ఇస్తుంది, కానీ దాని చట్రం, బాడీ గుల్ల, నంబరు పలక చోటు కదలవు. ఏ ముక్క తీసినా ఫోటో తీసి, చీటీ కట్టి, ఎక్కడికి వెళ్లిందో రాయాలి. తర్వాతి తరం వాళ్లు ఆ ముక్క మళ్లీ దొరికితే తిరిగి బిగించగలగాలి. ఒక్క కారు కొన్నవాడికి సాక్షి ఉండదు. ఉన్న ఒక్కదాన్నీ బాగుచేసే ఆత్రంలో ఉన్న ఆధారాల్ని తానే చెరిపేస్తాడు.

రెండో అభ్యంతరం చట్టానిది. కేంద్ర రవాణా శాఖ 2021 జులైలో పాత వాహనాలకి ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉండి, చట్రంలో గానీ బాడీలో గానీ ఇంజన్లో గానీ పెద్ద మార్పులు లేని రెండు చక్రాల, నాలుగు చక్రాల బండ్లని వింటేజ్‌గా నమోదు చేసుకోవచ్చు. కొత్తగా నమోదుకి 20,000 రూపాయలు, తిరిగి నమోదుకి 5,000. పత్రం పదేళ్లు చెల్లుతుంది. నంబరు పలక మీద రాష్ట్రం అక్షరాల తర్వాత వి.ఎ. అన్న అక్షరాలుంటాయి. ప్రదర్శనలు, ర్యాలీలు, మరమ్మతులు, పెట్రోలు పోయించుకోవడం వంటి వాటికే రోడ్డెక్కాలి. నిత్య వాడకానికీ కిరాయికీ పనికిరాదు. డీజిల్ ఇంజన్ పెట్టిన ప్లిమత్ ఈ నిబంధన ముందు తలొంచుకోవాల్సిందే. దానికి అసలు ఇంజన్ తిరిగి రావాలి. పి15 ఇంజన్ అసలుదైతే బ్లాకు ఎడమ ముందు భాగంలో పి15 అని మొదలయ్యే నంబరు చెక్కి ఉంటుంది. బండి వరస నంబరు పలక ఎడమ ముందు తలుపు కీలు స్తంభం మీద ఉంటుంది. కొనే ముందు టార్చిలైటుతో మొదట చూడాల్సినవి ఈ రెండు చోట్లు. మెరుపు పట్టీలు తర్వాత చూసుకోవచ్చు.

గుంపుగా కొనేవాళ్లకి ఎదురయ్యే పెద్ద ప్రలోభం కూడా ఇక్కడే ఉంది, దాన్ని దాచకుండా చెప్పాలి. ఒక కారుకి సి-బుక్కు ఉంటుంది, బాడీ పోయి ఉంటుంది. ఇంకో దానికి బాడీ నిక్షేపంలా ఉంటుంది, కాగితం ఉండదు. పలక ఇక్కడి నుంచి అక్కడికి మారిస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. సరిపోదు. అది నేరం. ఆ పైన ఆ కారు చరిత్ర శాశ్వతంగా అబద్ధమైపోతుంది. మన ప్రాంతంలో కాగితాల కథ మామూలుగానే చిక్కుముడి. 1947లో విశాఖలో నమోదైన బండి మద్రాసు ప్రెసిడెన్సీ బండి. 1953 అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, 1956 నవంబరులో ఆంధ్రప్రదేశ్, 2014లో విభజన. మధ్యలో యజమాని హైదరాబాద్ చేరి ఉంటే మరో ముడి. ప్రతి కారుకీ తన కాగితం తనకే ఉండాలి. కాగితం దొరకని కారుని సాక్షిగానో, విడిభాగాల కోసమో ఉంచుకోవచ్చు గానీ రోడ్డు మీదికి తేవాలని ఆశపడకూడదు. గుంపు ఈ సమస్యని తీర్చదు. అయితే నాలుగింటిలో ఒకదానికైనా గొలుసు తెగని కాగితం దొరికే అవకాశం మాత్రం పెరుగుతుంది.

క్యూబాని చూడండి అనేవాళ్లున్నారు. 1959 విప్లవం తర్వాత అక్కడ అమెరికన్ కార్ల రాక ఆగిపోయింది. ఉన్నవాటినే దశాబ్దాల తరబడి సోవియట్ విడిభాగాలతో, డీజిల్ ఇంజన్లతో నడుపుకొచ్చారు. అసలు రూపం గురించి ఇంత పట్టుదల ఎందుకు, నడిస్తే చాలదా అని వాళ్ల ప్రశ్న. క్యూబా మెకానిక్కుల నేర్పుకి నేను చేతులెత్తి మొక్కుతాను. బతుకు కోసం బండిని నడుపుకోవడం ఎంతో గౌరవమైన పని. మన డీజిల్ ప్లిమత్‌లు కూడా ఆ కోవలోవే. కానీ నేడు మన దగ్గర ఎవరి బతుకూ 1948 నాటి సెడాన్ మీద ఆధారపడి లేదు. ఇప్పుడు దాన్ని కొనే ఒకే ఒక్క కారణం, అది ఎలా ఉండేదో తెలుసుకుని నిలపడం. ఆ కారణాన్ని వదిలేసి ఏదో ఇంజన్ పెట్టి, ఏసీ బిగించి, మెరిసే రంగు కొట్టిస్తే మిగిలేది పాత రేకు తొడుగు మాత్రమే. ఇక్కడ ఒక చిన్న వివేకం కూడా అవసరం. ఏ కారుకైనా టాక్సీ జీవితమో డీజిల్ జీవితమో ముప్ఫై ఏళ్లు సాగి ఉంటే, అదీ దాని చరిత్రే. గుంపులో అలాంటిదొకటి ఉంటే దాన్ని ఆ రూపంలోనే ఉంచడం నాకు ఇష్టం.

ఇవన్నీ జమీందార్ల ముచ్చట్లు, డబ్బున్నవాళ్ల ఆటవస్తువులు, పైగా పరాయి దేశపు సరుకు, మనం ఎందుకు బాధపడాలి అన్నది ఇంకో మాట. నిజానికి డబ్బున్నవాళ్ల కార్లకి మనం చేయవలసింది పెద్దగా లేదు. అవి ఎలాగో బయటపడతాయి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోసం తయారైన 1912 నాటి పసుపు రంగు రోల్స్ రాయిస్, లోపల సింహాసనం లాంటి సీటుతో, ఇప్పుడు హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో భద్రంగా ఉంది. దాన్ని ఎవరూ తూకానికి వేయరు. మామూలు ప్లిమత్ సెడాన్‌కి అలాంటి రక్ష లేదు. డాక్టర్లు, వకీళ్లు, మిల్లు మేనేజర్లు, ఆ తర్వాత టాక్సీ డ్రైవర్లు నడిపిన కారు అది. కుర్లాలో మన కార్మికులు బిగించారు, మన మెకానిక్కులు ముప్ఫై, నలభై ఏళ్లు బతికించారు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మన పారిశ్రామిక పని ఎలా మొదలైందో తెలియజేసే వస్తువుగా రోల్స్ రాయిస్ కంటే దానికే అర్హత ఎక్కువ. ఇక కొనే స్తోమత మాటకి వస్తే, నాలుగు కార్లు ఒక్కరే కొనాలన్న నియమం ఏమీ లేదు. ఏటికొప్పాకలో 1933లోనే రైతులు కలిసి సహకార పద్ధతిలో చక్కెర ఫ్యాక్టరీ పెట్టుకున్నారు. పది మంది మెకానిక్కులు, ఇద్దరు ముగ్గురు ఉపాధ్యాయులు, ఒక పాలిటెక్నిక్ కాలేజీ కలిసి నాలుగు పాత కార్లని కొనలేరని నేను అనుకోను.

పొగ సంగతి అడిగేవారికి సమాధానం చట్టంలోనే ఉంది. నిత్య వాడకం నిషిద్ధం కాబట్టి ఏడాదికి ఇవి నడిచే దూరం స్వల్పం. అయితే ఆ కొద్ది దూరానికీ ఒక జాగ్రత్త కావాలి: నేటి పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. పాత రబ్బరు గొట్టాలు, పెట్రోలు పంపు డయాఫ్రమ్‌లు, బెండు గాస్కెట్లు దానికి తట్టుకోవు. వాటి బదులు కొత్త రకం రబ్బరువి వేసుకోవాలి. ఈ మార్పు అసలు రూపాన్ని చెరపదు.

గట్టిగా ఒక హద్దు గీయాలి. ఒక ప్లిమత్, ఒక బ్యూక్, ఒక హడ్సన్, ఒక ప్యాకార్డ్, ఒక స్టూడీబేకర్ ఒకే షెడ్డులో ఉంటే అది గుంపు కాదు, ఐదు ఒంటరి కార్లు. 1947 స్టూడీబేకర్ బాడీ పూర్తిగా కొత్త నమూనా, యుద్ధానికి ముందు కార్ల రూపంతో దానికి పొత్తు లేదు. 1948 హడ్సన్ నేల చట్రం మధ్యలోకి దిగి ఉంటుంది, ప్లిమత్ నేలరేకు కొట్టడం నేర్చిన చేతికి అక్కడ పని మొదటి నుంచి మొదలు. ఇలాంటి చోట ఏరుకోమన్న పాత సలహాయే సరైంది. ఇంకా, కొనే ముందు కప్పు ఉండాలి. భీమిలి నుంచి పాయకరావుపేట దాకా ఉప్పుగాలి తగిలే చోట పైకప్పు లేకుండా నాలుగు కార్లు తెచ్చిపెట్టుకోవడం, తుప్పుకి విందు పెట్టడమే. కొత్తగా కొన్నవాటిలో ఎన్నో ఏళ్లు షెడ్డులో ఆరి ఉన్నవి, కొత్త యజమాని ఆవరణలో రెండు వానాకాలాలు గడవకముందే నేలరేకు కోల్పోతాయి. కప్పు, కాగితాలు, పని తెలిసిన ఇద్దరు మనుషులు, ఈ మూడూ సమకూరాకే బేరం మొదలుపెట్టాలి. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ కార్లని ఉన్నచోటే ఉండనిచ్చి, వాటి నంబర్లు, ఫోటోలు మాత్రం తీసుకుని రావడం ఎక్కువ మేలు.

చివరగా, ఇలాంటి కార్లు ఇంట్లోనో తాతల తోటలోనో ఉన్న శ్రోతలకి ఒక విన్నపం. ఇనప కొట్టువాడు వచ్చి తూకం వేసే ముందు తలుపు స్తంభం మీది పలకనీ, ఇంజన్ మీది అంకెల్నీ కాగితం మీద రాసి, ఫోటో తీయండి. చిరిగినా సరే, సి-బుక్కు పారేయకండి. పాత ఇన్సూరెన్స్ రసీదు, పన్ను టోకెన్, వర్క్‌షాపు బిల్లు ఏది దొరికినా దానితో కలిపి కట్టండి. ఒకే రకం కార్లు రెండో మూడో ఉంటే వాటిని వేరువేరు మనుషులకి ముక్కలుగా అమ్మకండి. కొంచెం తక్కువ ధర వచ్చినా కలిపి తీసుకునేవాళ్లకే ఇవ్వండి.